శిఖరానికి గంట నడక దిగువన

ఫాల్గుణ శుద్ధ సప్తమి, మంగళవారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. స్థలం: బస్తరు సంస్థానం, ఎర్రబోరుకు రెండు కోసుల లోపల, దున్నమూపు కొండ కింది లోయలో మా మేనల్లుడు సత్తిరాజు పొలం. హాజరైనవారు: నేను, మోకాలి నొప్పి వల్ల కొండకు రానని ముందే చెప్పేసిన సత్తిరాజు, సంస్థానం అడవిశాఖలో భూములు కొలిచే అమీను గారు, ఊరి పటేలు ముత్తయ్య, డోలీ మోయడానికి నలుగురు మనుషులు, అమీను గారి మధ్యాహ్న భోజనానికి రెండు కోళ్ళు, ప్రాణాలతో.

నేను భద్రాచలం తాలూకా కచేరీలో ముప్ఫై ఏళ్ళు రికార్డులు నకలు చేసి విరమించినవాణ్ణి. కొండల ఎత్తులు ఎన్నో రాశాను గాని ఒక్కదాన్నీ ఎక్కలేదు. ఆ లోటు తీర్చుకోవడానికే ఈ ప్రయాణం. వెళ్ళదలచినవారు శనివారం తెల్లవారుజామున కూనవరంలో పడవ ఎక్కితే ఆదివారం మధ్యాహ్నానికి కుంట చేరతారు. ఈ నెలలో శబరిలో నీళ్ళు తక్కువ. పడవ మమ్మల్ని కొంత దూరం మోసింది, కొంత దూరం మేము దాన్ని తోశాము. పడవలో ఒక ఉప్పు వర్తకుడు నా ప్రయాణకారణం విని, "కొండ ఎక్కడానికా? పైన ఏమన్నా అమ్ముతారా?" అని అడిగాడు. ఏమీ అమ్మరన్నాను. ఆపైన కుంట వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. కుంట నుంచి పొలానికి బండి మీద ఏడు గంటలు.

అమీను గారు అదే కొండకు సర్కారు పని మీద వచ్చారు. పని ఇది. కొత్త హుకుం ప్రకారం శిఖరం మీది హద్దురాయి నుంచి కిందికి ఒక మైలు సర్కారు అడవి. ఆ కింద ఉన్నది ఊరిది. రాయి ఎక్కడుందో చూసి, మైలు కొలిపించి, గీత గీయాలి. గీతకు ఏ వైపున పడతాయో తెలియక ఊరు ఊరంతా బెంగపెట్టుకున్నవి కొండ నడుమనున్న ఇప్పచెట్లు. ఇంకో రెండు వారాల్లో పువ్వు రాలుతుంది. ఎండాకాలం తిండి, వానాకాలం ఉప్పు, గుడ్డ అన్నీ ఆ పువ్వే.

ఆరూ ముప్ఫై అయిదుకు బయలుదేరాము. డోలీలో అమీను గారు ముందు, నేను, ముత్తయ్య వెనక. మోసేవాళ్ళు దారిలో మూడుసార్లు ఆగారు. కూర్చున్నవారు అయిదుసార్లు అలిసిపోయి మంచినీళ్ళు అడిగారు. మధ్యమధ్య అమీను గారు డోలీలోంచి తమ కష్టాలు చెప్పుకున్నారు. "పంతులుగారూ, నా టూర్లన్నీ కొండల కిందే అయిపోతున్నాయని జగదల్‌పురంలో పెద్దసాహెబు రాశారు. ఈసారి చూసుకోమనండి." ఆ మాట అంటున్నప్పుడు డోలీ ఒక పక్కకు వాలింది. ఆయన ఆ సంగతి అక్కడికి ఆపి కొమ్మ పట్టుకున్నారు.

పది గంటలకు ఇప్పచెట్ల దగ్గరికి చేరాము. పువ్వు రాలేముందు చెట్ల కింద ఆకు ఊడ్చి నేల శుభ్రం చేసుకోవడం ఇక్కడి అలవాటు. ముత్తయ్య మేనత్త ఎర్రమ్మ ఒక్కతే ఊడుస్తోంది. వయసు డెబ్భై దాటి ఉంటుంది.

"ఏయ్ ముసలమ్మా, ఊడవకు. ఇది సర్కారు అడవి కాబోతోంది," అన్నారు అమీను గారు.

"ఏందీ, ఇంక సర్కారే ఊడుస్తదా? అయితే ఈ చీపురు తీసుకుపో దొరా," అని ఆమె చీపురు చాచింది. మోసేవాళ్ళు నవ్వు ఆపుకోలేక డోలీ దించేశారు. ఆమె ముత్తయ్య వైపు తిరిగింది. "మా అయ్య నడుం దాచుకున్నడు. నువ్వు చెట్లు పోగొట్టుకో."

దాని అర్థమేమిటని దారిలో ముత్తయ్యను అడిగాను. డోలీకి వినపడనంత వెనకబడ్డాక చెప్పాడు.

"మా తాత కాలంల ఒక దొర వచ్చిండట పంతులూ. బాగా లావు మనిషి. మంచు పట్టి ఏమీ కనబడలే. సగానికి మోసేసరికి తాతోళ్ళ నడుములు పడిపోయినయ్. ఆడ దించిన్రు. దొర దిగి, ఇదే శిఖరమా అన్నడు. తాత ఏమనలే. ఆడనే రాయి పాతించిండు."

"అంటే రాయి శిఖరం మీద లేదా?"

"ఏడుంది? ఇంకా గంట నడవాల. మొన్నటిదాకా పెండ్లిండ్లల్ల ఈ ముచ్చట చెప్పుకొని నవ్వేటోళ్ళం."

పదకొండూ పదికి రాయి దగ్గరికి చేరాము. పొలం నుంచి చూస్తే కొండ ఇక్కడితో అయిపోయినట్టే ఉంటుంది. నేనూ నిన్న అట్లాగే అనుకున్నాను. వచ్చి నిలబడితే అసలు మూపు వెనకాల ఇంకో మైలు దూరం పైకి లేచి ఉంది. అమీను గారు దిగి, రాయిని చేత్తో తట్టి, "శిఖరం," అన్నారు.

ముత్తయ్య చేయెత్తి వెనక చూపించాడు. "శిఖరం అది దొరా."

అమీను గారు చూశారు. చూడకుండా ఉండడానికి వీలు లేనంత పెద్దది. కాస్త ఆలోచించి, "అది వేరే కొండ," అన్నారు.

"వేరే ఎట్ల దొరా? నడుమ లోయ ఏదీ?"

"దున్నమూపు శిఖరం రాయి దగ్గర అని ఫైల్లో ఉంది. రాయి ఇక్కడుంది. కాబట్టి దున్నమూపు ఇక్కడితో సరి. ఆ వెనకదానికి ఫైలు లేదు."

"మా తాత ఈడ దించిండు దొరా, అంతే."

"అంటే మీ తాత సర్కారుకు అబద్ధం చెప్పాడా?"

"లేదు దొరా. దించిండు. అనుకున్నది ఆ దొరే."

మైలు ఈ రాయి నుంచే కొలిస్తే ఇప్పచెట్లు సర్కారు పాలు. అప్పుడు నేను ఎన్నడూ చూడని వింత చూశాను. వెట్టికి వచ్చిన నలుగురూ చేతులు జోడించి, "పైదాకా మోస్తం దొరా, మెల్లగా మోస్తం," అని బతిమాలారు. మోయించుకోవడానికి వచ్చినవారు వద్దని బతిమాలారు. కింద కోళ్ళ పులుసు కుతకుతమంటూ ఉంటుందన్న ఊహే చివరికి గెలిచింది. డోలీ వెనక్కి తిరిగింది.

ముత్తయ్య రాయి మీద కూర్చుండిపోయాడు. నాకు కచేరీ గుర్తొచ్చింది. ఇలాంటి రాళ్ళు ఎన్నింటినో నేను దస్తూరీ చెదరకుండా శిఖరాల మీద పాతాను. "పద, చూసొద్దాం," అన్నాను.

పన్నెండూ ఇరవైకి ఎక్కాము. పైన గాలి, గడ్డి. కింద గద్ద ఒకటి తిరుగుతోంది. గద్ద వీపు చూడటం నాకు అదే మొదలు. సత్తిరాజు పొలం రుమాలంత ఉంది. తూర్పున శబరి సన్నగా మెరుస్తోంది. అన్నీ రాసుకున్నాను.

"రాసినవా? చదువు," అన్నాడు ముత్తయ్య.

"పదకొండూ పది, హద్దురాయి. పన్నెండూ ఇరవై, శిఖరం. ఇంతకంటే పైన ఏమీ లేదు."

"ఇది సర్కారు చదువుతదా?"

"నా డైరీ మా ఇంట్లోవాళ్ళే చదవరు ముత్తయ్యా."

నాలుగింటికి పొలం చేరేసరికి అమీను గారు నిద్ర లేచి, టూరు డైరీ ముందు పెట్టుకుని కలం కొరుకుతున్నారు. ఏ గంటకు ఎక్కడున్నారో అందులో రాయాలి. "పంతులుగారూ, మీ పుస్తకం ఒకసారి ఇస్తారా? టైములు చూసుకుంటాను."

ఇచ్చాను. గద్ద వీపు దగ్గర ఆగిపోయి, "బహుత్ అచ్ఛా," అన్నారు. పెద్దసాహెబుకు అది నచ్చుతుందన్నారు. 'పన్నెండు ఇరవైకి శిఖరము చేరితిని' అని మొదలుపెట్టారు. వెంటనే కలం ఆగింది. నా పుస్తకంలో పై వరుసన రాయి పదకొండూ పదికే ఉంది.

"ఈ రాయి సంగతి వదిలేద్దామా?"

"వదలవచ్చు. పది నుంచి రెండు గంటలకు పైగా మీరు ఎక్కడున్నారని అడుగుతారు."

"మరి రాయి కింద, శిఖరం పైన అని రాస్తే?"

"రాయి పాతించిన పాత అమీను తప్పు మీరు పట్టుకున్నారంటారు."

ఆయన మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. పాత అమీను ఇప్పుడు లేడు. జవాబు చెప్పుకోవలసిన వాళ్ళెవరూ లేరు. రెండు పేజీలు ఏకబిగిన రాశారు. నేను అబద్ధమేమీ రాయలేదు. ఆయన రాస్తుంటే పక్కన కూర్చుని సిరా అందించాను.

బుధవారం ఉదయం ఆరు గంటలకు హుకుం వినిపించారు. హద్దురాయిని అసలు శిఖరానికి మార్చాలి, ఊరివాళ్ళే వెట్టిగా మోయాలి, మైలు అక్కడినుంచి కొలవాలి. మైలు కొస రాయి పీకిన గుంటకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. ఇప్పచెట్లు ఊరివి.

నా బండి కట్టేసరికి పన్నెండుమంది మోకులతో, వాసాలతో సిద్ధంగా ఉన్నారు. ఎర్రమ్మ చీపురు భుజాన వేసుకుని ముందు నడుస్తోంది. మీ తాత ఆ రోజు తప్పించుకున్న బరువే ఇది, మోయగలరా అని ముత్తయ్యను అడిగాను.

"రాయి నయం పంతులూ," అన్నాడు మోకు భుజానికి సర్దుకుంటూ. "దారిల మంచినీళ్ళు అడగదు."