గింజలున్న ఇంటికి గంజి లేదు

నా చిన్నప్పుడు ఒక ఏడాది పొడవునా మేము పెన్నలో నీళ్లు చూడలేదు. ఆడవాళ్లు ఏటి ఇసుకలో చెలమలు తవ్వి, నీళ్లు ఊరేదాకా గట్టున కూర్చుని, చెంబులతో తోడుకునేవాళ్లు. అంతకు ముందటి ఏడూ వాన లేదు. సర్కారువాళ్లు మా ఊరి బడిలో గంజి కేంద్రం పెట్టి మధ్యాహ్నం పూట జొన్నగంజి పోసేవాళ్లు. చాలా ఇళ్లలో, మా ఇంట్లో కూడా, ఆ రోజుకు అదే తిండి.

మా పక్కింట్లో ఒక సాయిబుల కుటుంబం ఉండేది. ఆ ఇంటామెను మేము వాళ్ల మాటలోనే ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచేవాళ్లం. ఆమె భర్త బండల గనిలో పనిచేసి, ఆ దుమ్ముకే ఊపిరి చెడి చనిపోయాడు. ఇద్దరు బిడ్డలు. చిన్నవాడికి ఇంకా నడక రాలేదు. గంజి తప్ప వాళ్లకు వేరే దిక్కు లేదు.

గంజి ఎవరికి పోయాలో, ఎవరికి ఆపాలో తేల్చడానికి ఒకరోజు ఆఫీసరు వచ్చాడు. ఖాలా ఇంట్లోకి చెప్పులతోనే పోయి కుండల మూతలు ఒక్కొక్కటే తీసి చూశాడు. ఒకదాంట్లో అడుగున కొర్రలు కనిపించాయి. చిన్నవాడికి విరేచనాలవుతున్నాయని, జావ కాచి తాగించమని మా జేజి, అంటే మా నాయన తల్లి, ముందురోజు ఇచ్చిన మా ఇంటి ఆఖరి గింజలు అవి. జేజి గడప దగ్గర నిలబడి చెప్పింది.

"అవి నేనిచ్చినవప్పా. బిడ్డకు బాగలేదు."

"ఇచ్చేవాళ్లుంటే ఇంక గంజెందుకు? గింజలున్న ఇంటికి గంజి లేదు" అని ఆయన తర్వాతి ఇంటికి నడిచాడు.

ఖాలా తల దించుకుని కుండలకు మూతలు పెట్టుకుంటూ ఉండిపోయింది. దొంగతనం చేసి పట్టుబడినట్టు ఆమె ముఖం ఎందుకలా అయిందో నాకప్పుడు అర్థం కాలేదు.

కొన్నాళ్లకే కరువు చూడడానికి మంత్రిగారు వస్తున్నారన్నారు. ఆయనకంటే ముందు ఒక ట్యాంకరు వచ్చింది. నీళ్లొచ్చాయని ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తారు. ట్యాంకరు ఆగలేదు. కార్లకు దుమ్ము లేవకుండా రోడ్డంతా తడుపుకుంటూ పోయింది. "ఇవి రోడ్డుకు, తాగేదానికి గాదు" అన్నాడు డ్రైవరు. తడిసిన మట్టి వాసనకు వాన పడిందేమోనని ముసలివాళ్లు బయటికొచ్చి ఆకాశం చూశారు.

ఊరి బయటి బంగళాలో మంత్రిగారికీ, ఆయన వెంట వచ్చినవాళ్లకూ భోజనాలు. జేజి నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. యాడికని అడిగినా చెప్పలేదు. బంగళా వెనక వంటలు జరుగుతున్న చోటికి నేరుగా పోయి, కొంగుతో పట్టుకుని డేగిసాల మూతలు తీసి లోపలికి చూసింది. అన్నం, వేట మాంసం, నెయ్యి తేలే పప్పు. ఒక వంటవాడు లోపలికి పరుగెత్తాడు. ఆ ఆఫీసరే పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"చూస్తాండా నాయనా. గింజలుండే ఇంటికి గంజి లేదంటివి గదా. ఈడ శానా ఉండాయి."

చెయ్యి కడుక్కుంటున్న మంత్రిగారు విన్నారు. ఆయన కోప్పడలేదు. నవ్వి, "పాపం, ముసలమ్మకు కడుపునిండా పెట్టి పంపండి" అన్నారు.

"నాకొద్దప్పా. మా పక్కింటామెకు గంజి ఆపినారు. పసిబిడ్డ ఉండాడు. ఆమెకు పొయ్యమని చెప్పు, సాలు."

మంత్రిగారు ఆఫీసరుతో "చూడండి" అని భోజనానికి కూర్చున్నారు.

ఎవరూ చూడలేదు. మరుసటి రోజు నుంచి మా జేజికి కూడా గంజి ఆపేశారు. మా అమ్మకు పోసిందే మేమూ ఖాలావాళ్లూ పంచుకున్నాం. అది చాలలేదు. ఒక పొద్దున పసివాడు లేవలేదు. వాణ్ణి మగవాళ్లు ఎత్తుకుపోయాక జేజి ఖాలా పక్కన గోడకు ఆనుకుని పొద్దుగుంకేదాకా కూర్చుంది. తర్వాత ఖాలా పెద్దబిడ్డను తీసుకుని పని వెతుక్కుంటూ ఎటో పోయింది. మళ్లీ మాకు కనబడలేదు.

ఏమీ కానప్పుడు బంగళాకు ఎందుకు పోయావని జేజిని అడిగాను.

"ఆమె తల దించుకుంటే నువ్వు చూస్తివి గదా పాపా. తల దించుకోవాల్సింది ఎవురో గూడా నువ్వు చూడాల. అందుకే నిన్ను తీసకపోతి."

ఇప్పుడు నేను కర్నూలు పక్కన కల్లూరులో ఉంటున్నాను. మొన్నామధ్య పింఛన్లు సరిచూడడానికి వచ్చారు. పక్షవాతంతో మంచం పట్టిన ఎదురింటి పెద్దాయనను కాలు ఎత్తి చూపమన్నారు. ఎత్తలేకపోతే, ఇంకొంచెం ప్రయత్నం చేయమన్నారు. ఆ వారమే ఒక నాయకుడు వచ్చి ఒక పూట మాట్లాడి పోవడానికి మా దగ్గరి మైదానంలో పందిరి వేసి ఏసీలు బిగించారు. నేను ఎదురింటికి పోయి, మంచం పక్కన కుర్చీ వేసుకుని, పింఛను సరిచూస్తున్న కుర్రవాణ్ణి అడిగాను. "ఆ పందిరి అవసరమా కాదా అని సరిచూసేదానికి ఎవురు పోయినారు నాయనా?" అతను కాగితాల్లోకి చూశాడు.

అడిగినంత మాత్రాన ఏదీ మారదని నాకు తెలుసు. పసివాడు పోయిన ఇల్లు చూసినదాన్ని. అయినా మా వీధిలో ఎవరి పేదరికాన్నయినా పరీక్ష చేయడానికి మనుషులొచ్చారని వింటే, పొయ్యి మీద ఏమున్నా దించిపెట్టి పోయి ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చుంటాను. వాళ్లు ఒంటరిగా తల దించుకోకూడదు. మా జేజి నాకు ఇచ్చిపోయింది ఇదే.