ఖాళీ చిలకకొయ్య

హైడ్రూన్ పాగెల్ తల తడవకుండా ఈదుతుంది. మెడ పైకెత్తి, గడ్డం నీటికి ఆనీ ఆనకుండా, బాతులాగా నిదానంగా పోతుంది. ష్వార్న్ సరస్సులో ఆ వయసు ఆడవాళ్ళందరిదీ అదే ఈత. మే నెల మొదలుకొని సెప్టెంబరు ఆఖరు దాకా, ఎండ కాసినా మబ్బు పట్టినా, పొద్దున్నే అడవి దారిన సైకిలు తొక్కుకుంటూ వస్తుంది. సైకిలును పైన్ చెట్టుకు ఆనించి, బట్టలన్నీ విప్పేసి నీళ్ళలోకి దిగుతుంది. అవునండీ, అన్నీనే. మా వైపు నీళ్ళలోకి బట్టలు కట్టుకుని దిగే అలవాటు పాత రోజుల్లో లేదు. దేశాన్ని తూర్పు, పడమరలుగా చీల్చిన గోడ కూలిన కొత్తలో పడమటి నుంచి వచ్చిన ఒకావిడ ఒడ్డున నిలబడి "సిగ్గు లేదూ!" అని కేకలేసింది. మెడలోతు నీళ్ళలోంచి హైడ్రూన్, "నాకు సిగ్గు లేకపోతే లేకపోయిందిగానీ, ఆ తడిబట్టతో కూర్చుంటే మీకు జలుబు చేస్తుంది తల్లీ" అంది. ఆ మాట చెప్పుకుని ఊరు ఇప్పటికీ నవ్వుతుంది.

ఊళ్ళో చంటిపిల్లల బడి ఉన్నంతకాలం అందులో వంట ఆమెదే. మా ఊళ్ళో నడివయసువాళ్ళంతా ఆమె చేతి బఠాణీ సూప్ తాగి పెరిగినవాళ్ళే. కోపం వస్తే నిప్పులు చెరుగుతుంది. ప్రేమ వస్తే మాత్రం నోట మాట రాదు, గరిటెతో ఇంకాస్త వడ్డిస్తుంది. అంతే.

సరస్సు దగ్గర చెక్క రేవు ఉంది. రేవు మొదట్లో చిన్న చెక్క గది, దానికి కమ్మీల తలుపు. గది బయటి గోడకు వరసగా చిలకకొయ్యలు, మనిషికొకటి. ఈదేవాళ్ళు తువాలు తమ కొయ్యకు తగిలించి నీళ్ళలోకి దిగుతారు, వచ్చాక తీసుకుంటారు. కొయ్యకు తువాలు వేలాడుతోందంటే ఎవరో నీళ్ళలో ఉన్నట్టే. సాయంత్రం తాళం బాధ్యత ఉన్నవాళ్ళు కొయ్యలు చూస్తారు. ఒక్క తువాలున్నా కూర్చుని ఎదురుచూస్తారు, ఖాళీ అయితేనే తాళం వేస్తారు. ఒకరి తువాలు ఇంకొకరు ముట్టుకోకూడదు. మాకు కాపలావాడు లేడు, ఈల ఊదేవాడు లేడు. తాతల నాటి నుంచి ఈ ఒక్క కట్టుబాటే మమ్మల్ని కాపాడుతూ వచ్చింది.

ఒక్కసారి తప్ప.

హైడ్రూన్ మొగుడు ఓర్ట్విన్ ట్రాక్టర్లు బాగుచేసేవాడు. గ్రీజు మరకల చేతులు, నెమ్మదైన మనిషి. ఒక సెప్టెంబరు సాయంత్రం నీలం తువాలు కొయ్యకు తగిలించి అవతలి ఒడ్డు బర్చ్ చెట్ల దాకా ఈదుకుంటూ పోయాడు. కాసేపటికి వాన మొదలైంది. అప్పుడే ఈత ముగించి ఒడ్డుకు వచ్చిన రెనాటె, హైడ్రూన్‌కు చిన్ననాటి నుంచి ప్రాణస్నేహితురాలు, ఆ తువాలు తడిసిపోవడం చూసింది. పాపం, ఓర్ట్విన్ వచ్చి తడిగుడ్డతో ఏం తుడుచుకుంటాడు అనుకుంది. తీసి, మడతపెట్టి, గదిలో బల్ల మీద పెట్టి ఇంటికి పోయింది. ఆ తరువాత ఓర్ట్విన్ పేకాట నేస్తం, అప్పట్లో తాళం బాధ్యత చూసే లోటార్ వచ్చాడు. కొయ్యలు చూశాడు. అన్నీ ఖాళీ. వానలో గదిలోకి తొంగి చూడకుండానే తలుపేసి తాళం పెట్టాడు.

తెల్లారాక ఓర్ట్విన్ రెల్లు దుబ్బుల్లో దొరికాడు. గుప్పిట నిండా రెల్లు ఉంది. కాళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి, చాలాసేపు పట్టుకుని వేలాడాడు, ఎవరైనా పడవ తీసి ఉంటే బతికేవాడు అన్నాడు డాక్టరు. ఆ మాట అనకపోయినా బాగుండేది.

ఆ పొద్దున రేవు మీద జనం మధ్యలోంచి రెనాటె వచ్చింది. రెండు చేతుల్లో గదిలోంచి తెచ్చిన నీలం తువాలు, పొడిగా, చక్కగా మడతపెట్టి ఉంది. "తడిసిపోతోందని తీశానే... తడిసిపోతోందని" అని అదే మాట అంటూ నిలబడింది. హైడ్రూన్ ఆ తువాలు లాక్కుంది. "నా కళ్ళబడకు" అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రొట్టెల దుకాణంలో ఎదురైతే ఒకరు బయటికి నడిచేవారు. రెనాటె మళ్ళీ సరస్సు ముఖం చూడలేదు. ఒకప్పుడు మా ఊరి ఆడవాళ్ళలో ఆమెను మించిన ఈతగత్తె లేదు.

తాళం తన దగ్గర ఉంచుకోలేనని లోటార్ ఏడ్చాడు. ఆ తాళం హైడ్రూనే తీసుకుంది. లోటార్‌ను ఆమె ఒక్క మాటా అనలేదు. వాడు కట్టుబాటు ప్రకారమే నడిచాడు కదా. ఓర్ట్విన్ కొయ్య అలాగే ఖాళీగా ఉండిపోయింది. రెనాటె కొయ్యను మాత్రం ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళకు ఇచ్చేశారు.

ఏళ్ళు గడిచాయి. పోయిన ఏడాది సెప్టెంబరు ఆఖరు ఆదివారం, ఆఖరి ఈత రోజు. ఆ రోజు ఊరంతా కలిసి నీళ్ళలోకి దిగి, బయటికొచ్చి సూప్ తాగి, సరస్సుకు చలికాలం సెలవు చెబుతుంది. నీళ్ళు అప్పటికే ఎముకలు కొరికేస్తున్నాయి. హైడ్రూన్ పెద్ద డేగిసాలో సూప్ కలుపుతోంది. లోటార్ సాసేజీలు కాలుస్తూ, బొజ్జ మీద తువాలు కప్పుకుని వణుకుతున్నాడు.

"ఏం లోటార్, మోకాళ్ళ దాకా దిగి వచ్చేశావా?" అంది హైడ్రూన్.

"నడుం దాకా దిగానమ్మా! చూసినవాళ్ళున్నారు."

"చూసినవాళ్ళు నీ బొజ్జ చూసుంటారు, దాని కింద నీళ్ళెక్కడ కనిపిస్తాయి!"

ఆ నవ్వులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. అడవి దారిలోంచి రెనాటె వస్తోంది. బాగా చిక్కిపోయింది. చంకలో తెల్ల తువాలు.

జనం పక్కకు తప్పుకున్నారు. రెనాటె తిన్నగా హైడ్రూన్ ముందుకొచ్చి నిలబడింది. "ఇల్లు అమ్మేశానే. వచ్చే వారం మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నా. అక్కడ సరస్సు లేదు, ఏమీ లేదు. ఒక్కసారి ఈదనిస్తావా?"

"సరస్సేమన్నా నాదా, నన్నడగడానికి?" అంది హైడ్రూన్, డేగిసాలోంచి కళ్ళెత్తకుండా.

"తాళం నీ దగ్గర ఉంది. పైగా... నాకు కొయ్య లేదు."

నిజమే. ప్రతి కొయ్యకూ ఒక మనిషి ఉన్నాడు, ఒక్కదానికి తప్ప. కొయ్యకు తువాలు లేకుండా మా దగ్గర ఎవరూ నీళ్ళలోకి దిగరు. పొమ్మంటే రెనాటె మారు మాట్లాడకుండా పోతుంది, ఇక జన్మలో రాదు. ఆ సంగతి హైడ్రూన్‌కు తెలుసు. ఇన్నాళ్ళూ తను కోరుకున్నదీ అదే. తీరా అది చేతికందే వేళకు పొమ్మనడానికి మనసొప్పలేదు. గరిటె డేగిసాలో వదిలేసి, తలతో ఆ ఖాళీ కొయ్యవైపు చూపించింది.

"అది... ఓర్ట్విన్‌ది కదే" అంది రెనాటె.

"ఎవరిదో నాకు చెబుతావా? తగిలించు."

రెనాటె తువాలు తగిలించింది. బట్టలు విప్పి గదిలోని గూట్లో పెట్టి, పాత రోజుల్లోలాగే వెనక్కి చూడకుండా నీళ్ళలోకి దిగింది. ఆ చన్నీళ్ళలో బర్చ్ చెట్ల వైపు ఈదుకుంటూ పోయింది.

ఆమె సగం దూరం పోయేసరికి వాన పట్టుకుంది. అందరూ ఎవరి తువాళ్ళు వాళ్ళు అందుకుని, సూప్ గిన్నెలతో గదిలోకి, చెట్ల కిందికి పరుగెత్తారు. హైడ్రూన్ రేవు మీదే నిలబడింది. తెల్ల తువాలు చూస్తుండగానే తడిసి బరువెక్కి కిందికి వేలాడింది. లోటార్ గొడుగు పట్టుకుని వచ్చాడు. పాపం, పాత సంగతి తలపుకు రాలేదో ఏమో, "ముద్దయిపోయింది, లోపల పెట్టనా?" అంటూ చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు!"

ఆ కేకకు గదిలో ఉన్నవాళ్ళు సైతం ఉలిక్కిపడ్డారు. లోటార్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గొడుగు ఆమె మీద పట్టబోతే అదీ వద్దంది. వానలో నీళ్ళు ఎక్కడో, మబ్బు ఎక్కడో తెలియడం లేదు. రెనాటె తల కనిపించకుండా పోయింది. హైడ్రూన్ రేవు చివరిదాకా వచ్చింది. దేవుడా, ఈ కొయ్య ఇంకొకరిని కూడా పొట్టన పెట్టుకుంటుందా? తనే కదా ఈ కొయ్య చూపించింది? "పడవ తాడు విప్పు లోటార్" అంది. లోటార్ పరుగెత్తాడు.

"రెనాటే!" అని గొంతు చించుకుని అరిచింది. జవాబు లేదు. "రెనాటే!"

"వస్తున్నానే!" వానలోంచి సన్నగా వినబడింది. "నీళ్ళు చల్లగా ఉన్నాయంతే, చావలేదు!"

హైడ్రూన్ రేవు మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. రెనాటె మెట్లు పట్టుకుని పైకొచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. కొయ్యకు వేలాడుతున్న తన తువాలు వంక చూసింది, నీళ్ళు ధారగా కారుతున్నాయి దాని నుంచి. హైడ్రూన్ వంక చూసింది. ఏడవలేదు గానీ ముఖమంతా ముడుచుకుపోయింది.

"తడిస్తే తడవనీ" అంది హైడ్రూన్. "తువాలే కదా, ఆరుతుంది."

తన కోటు గుండీలు విప్పి, లోపల దాచిన తన పొడి తువాలు తీసి రెనాటె భుజాల మీద కప్పింది. వీపు గట్టిగా రుద్దుతూ, ఆమె ముఖం కనబడకుండా వెనక నిలబడి అంది.

"ఆ రాత్రి నేను నిద్రపోయానే. ఓర్ట్విన్ ఈత ముగించి లోటార్ ఇంట్లో బీరు తాగుతూ పేకాడుతున్నాడనుకున్నా. పక్క మీద చెయ్యి వేసి చూస్తే ఖాళీగా ఉంది. అయినా లేవలేదు. చలిగా ఉందని దుప్పటి లాక్కుని పడుకున్నా. లేచి ఉంటే... ఎవరితోనూ అనలేదు ఈ మాట. అంతా నీ నెత్తిన వేసి కూర్చున్నా."

రెనాటె వెనక్కి తిరగకుండానే, భుజం మీదున్న ఆ చెయ్యిని తన మంచులాంటి చేత్తో పట్టుకుంది.

"ఓర్ట్విన్ ఈతకు పోతే నువ్వు నిద్రపోవడమేమీ వింత కాదే" అంది. "ఎప్పుడూ తిరిగొచ్చేవాడు కదా."

అప్పుడు ఏడ్చింది హైడ్రూన్. మొగుడు పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. లోటార్ గొడుగు మూసి పట్టుకుని, ఎటు చూడాలో తెలియక నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు.

పొద్దు వాలే వేళకు జనం వెళ్ళిపోయారు. రెనాటె రెండు గిన్నెల సూప్ తాగింది, ఉప్పు ఎక్కువైందని వంక కూడా పెట్టింది. వెళ్ళే ముందు రేవు మీదికి వెళ్ళి, తన తువాలు తనే కొయ్య మీంచి తీసి, పిండి చంకన పెట్టుకుంది. హైడ్రూన్ కొయ్యలన్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసింది. ఓర్ట్విన్ కొయ్యను చేత్తో తడిమింది, తడిగా ఉంది. అప్పుడు తలుపు మూసి తాళం వేసింది.