మృగశిరకి మీసాల జెల్ల

ఒక్క మాట తప్పుగా విని, నలభై మంది సాఫ్ట్‌వేర్ వాళ్ల నోట్లో మట్టి కొట్టి, నా గాలానికి నేనే చిక్కుకున్న కథ ఇది. మీరు నవ్వుకోండి, పర్లేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు వానలా కురుస్తున్న రోజులు. ఏడో క్లాసుకే బడికి దండం పెట్టినవాణ్ణి కదా, ఆ వాన నా మీద చుక్క పడలేదు. వుడ్‌ల్యాండ్స్‌లో వెల్డింగ్ చేస్తూ మాడిపోతున్నాను. సైన్స్ పార్కు కంప్యూటర్ ఆఫీసుల్లో మనవాళ్లకి క్యారేజీలు పంపే అప్పారావు అంకుల్ దగ్గర వంటమనిషి మానేశాడని తెలిసి పరిగెత్తాను. అంకుల్‌ది తాతల నాడే విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆయన తెలుగులో సగం తమిళం, పావు మలయ్, మాట చివర ఇక్కడివాళ్లు తగిలించే 'లా'.

"మృగశిర కార్తెకి అందరూ చేపల పులుసు అడుగుతున్నారు తంబీ. జెల్లలు పట్టి వండు. బాగుంటే పని నీదే లా!"

ఇక నా నోరాగుతుందా? "జెల్లల జాతకం నా చేతిలో ఉందంకుల్! రోహిణి ఎండలకి బురదలో దూరుతుంది. మృగశిరకి కొత్తనీరు రాగానే ఎదురెక్కుతుంది. చలికాలం లోతుకి దిగుతుంది, అప్పుడు ఎండెక్కాకే గాలం వెయ్యాలి."

"ఇక్కడ ఏడాదంతా వానే కదా?"

"అయితే ఏడాదంతా మృగశిరే!"

ఆ తెలివి చూడండి!

కార్తె రోజు పొద్దున్నే చోవా చూ కాంగ్ అవతల, టికెట్ కొని చేపలు పట్టుకునే గుంటల దగ్గర దిగాను. ఒక గుంట డికాక్షన్‌లా నల్లగా ఉంది, రెండోది అద్దంలా మెరుస్తోంది. వాటి యజమాని బనియన్ వేసుకున్న మలయ్ పెద్దాయన. లేని మీసం మెలేసి, చేపలా చెయ్యి ఆడించి చూపించాను. ఆయన నల్లగుంట వైపు వేలు చూపించి "కేలీ, కేలీ!" అన్నాడు.

ఖాళీయా! టికెట్లు అమ్ముకుంటూ కూడా ఎంత నిజాయితీ అనుకుని, అద్దం గుంటలో గాలం వేశాను. మధ్యాహ్నమైనా ఒక్క మీసం కనబడలేదు. అంకుల్ ఫోన్ చేశాడు.

"దొరికాయా?"

"లేదంకుల్. పక్క గుంటేమో ఖాళీ అంట."

"కేలీయా? మరి అందులోనే వెయ్యి లా!"

"ఖాళీ గుంటలోనా?"

"కేలీ గుంటలో కాక ఇంకెక్కడ వేస్తావయ్యా! నాలుగింటికి వ్యాను తెస్తా."

పాపం, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, నీళ్ల సంగతి ఏం తెలుస్తుందిలే అని జాలిపడ్డాను. ఇంతలో వాన దంచింది. కొత్తనీరు! కాలవ పడే చోటికి ఉరికి, జారి, గాలంతో సహా గుంటలో పడ్డాను. ఆ రోజు ఆ గుంటలోంచి బయటికి తీసిన ఏకైక జీవిని నేనే.

పెద్దాయన నన్ను గట్టుకి లాగుతుంటే చూశాను. నల్లగుంట దగ్గర ఒక చైనీస్ ఆంటీ జెల్ల మీద జెల్ల లాగుతోంది. ఒక్కోదానికి మునసబుగారి మీసాలు! పెద్దాయన ఒకదాన్ని నా ముక్కు దగ్గర పెట్టి, చెవిటివాడికి చెప్పినట్టు అరిచాడు: "కే...లీ!"

మలయ్‌లో జెల్ల పేరే కేలీ!

సరిగ్గా అప్పుడే వ్యాను వచ్చి ఆగింది. ఆంటీ బుట్ట వైపు ఆశగా చూశాను. ఆవిడ మూత పెట్టేసింది. మృగశిర నాడు సైన్స్ పార్కుకి నలభై క్యారేజీల వంకాయ పులుసు వెళ్లింది.

"అంకుల్... మరి వంట పని?"

ఆయన తమిళం లేకుండా, మలయ్ లేకుండా, చివర్న 'లా' కూడా లేకుండా, అచ్చ తెలుగులో అన్నాడు: "ఖాళీ లేదు."

ఈసారి సరిగ్గానే వినబడింది.

కాబట్టి గంగమ్మ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ఇకమీదట ఎవరు ఏది ఖాళీ అన్నా, అది బస్సులో సీటైనా సరే, ముందు గాలం వేసి చూడందే నమ్మను.