సంచీ ఉంటేనే కొసరు

వేలు నాలుక మీద తడుపుకొని, పల్చటి ప్లాస్టిక్ కవరు అంచును రెండు వేళ్ల మధ్య నలిపితే ఒక శబ్దం వస్తుంది. చెవి దగ్గర ఎవరో చాడీ చెబుతున్నట్టు గరగరమంటుంది. ఇవాళ పొద్దున నర్సీపట్నం కూరగాయల మార్కెట్ చివర, మురిక్కాలవ పక్కన, గోంగూర కొంటుంటే ఆ శబ్దం వినబడింది. అమ్ముతున్న అమ్మాయి కొత్తగా వచ్చింది. బల్ల కింద చెయ్యి పెట్టి కవరు నోరు విప్పుతోంది. "వద్దమ్మా, సంచీ తెచ్చాను" అన్నాను. "కవరుతోనే సంచీలో ఏసుకోండి, ఊరికేనండీ" అంది. ఊరికే వచ్చేదాన్ని వద్దనడం మా వంశంలో లేదు. అయినా వద్దన్నాను. నా చేత ఆ మాట అనిపించిన మనిషి, ఒకప్పుడు సరిగ్గా ఆ చోటే కూర్చుని ఆకుకూరలు అమ్మిన నూకరత్నం పిన్ని.

నేను కవర్ల కొట్టువాడి కొడుకుని. మార్కెట్ సందులో మా నాన్న కవర్లు, పురికొస, కాగితం పళ్లేలు అమ్మేవారు. ఆయన తర్వాత నేను కూర్చున్నాను. నడక కంటే ముందు బేరం వచ్చిందని ఇంట్లో అంటారు. పెళ్లిచూపుల్లో జంతికలు కొసరడిగానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతుంది. అబద్ధమేమీ కాదు. తూకం అయ్యాక పైన పడే ఆ గుప్పెడు పచ్చిమిరపకాయలు, ఆ కరివేపాకు రెబ్బ నాకు కొన్న సరుకు కంటే రుచి.

కవర్ల మీద నిషేధం వచ్చిన కొత్తలో ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పారు. వారం రోజులు మార్కెట్‌లో కవరు కనబడలేదు. ఆ తర్వాత బల్లల కింద చేరింది. దాచుకుని వాడే సరుకుకు గిరాకీ ఎక్కువ కదా, నా కొట్టు మునుపటి కంటే జోరుగా నడిచింది. అందరూ నా దగ్గర కొన్నారు, పిన్ని తప్ప. ఒక్కర్ని వదిలేసినా బేరగాడిగా నా పరువు పోతుందనిపించి, ఒక కట్ట పట్టుకుని వెళ్లాను.

"ఏటది?" అంది తోటకూర మీద నీళ్లు చల్లుతూ.

"కవర్లు పిన్నీ. డబ్బులొద్దు, వాడి చూడు."

"ఊరికే ఇచ్చేస్తన్నావా? నువ్వా?" అని పక్కవాళ్లకు వినబడేలా నవ్వింది. "ఓలమ్మో, ఇటు సూడండే! కవర్ల షావుకారికి ఒంట్లో బాగోనట్టుంది!"

కట్ట తిరిగి నా చేతిలోనే పెట్టింది. సంచీ లేకుండా వచ్చినవాళ్లకు కట్టలన్నీ అరటినారతో బిగించి చేతికిచ్చేది. కొసరు మాత్రం వేసేది కాదు. సంచీ తెచ్చినవాళ్లకే కొసరు, అదే ఆవిడ చట్టం. ఒకసారి నా ఎదుటే ఒక మేస్టారు కోప్పడ్డారు: "కవరివ్వలేనిదానివి కొట్టెందుకు పెట్టావు?"

"కూరలమ్ముకోడానికండి మేస్టారూ. కవరు కావాలంటే సందులోన ఇదిగో ఈ బాబు కొట్టుంది. అక్కడ కూరలు దొరకవు మరి."

మేస్టారు పక్క బల్లకు వెళ్లిపోయారు. అలా వెళ్లిపోయినవాళ్లు చాలామందే. మధ్యాహ్నానికి ఆవిడ బుట్టలో వాడిపోయిన తోటకూర మిగిలేది. అయినా మర్నాడు అదే మాట: "సంచీ ఏదీ?"

కొనడానికొచ్చినవాళ్లను కసురుకుని పంపేస్తోందని, ఆ చోటు ఇంకెవరికైనా ఇప్పించాలని మార్కెట్ సంఘంలో మాట లేచింది. అత్తగారి నుంచి వచ్చిన చోటు అది. భర్త పోయాక ఆవిడ ఇల్లు నడిచింది ఆ రెండు గోనెపట్టాల మేరలోనే. ఆవిడని లేపేయమనే అర్జీ ఎవరు రాశారనుకున్నారు? నేనే. మార్కెట్ మొత్తం మీద నీదే అందమైన దస్తూరీ అన్నారు. పొగడ్త కూడా కొసరులాంటిదే, వద్దనలేకపోయాను.

సంఘం కూర్చోవడానికి ముందురోజు పొద్దున్నే పెద్ద వాన. ఏమీ ఎరగనట్టు సంచీ పట్టుకుని గోంగూరకు వెళ్లాను. మిగతా బల్లలన్నీ మెరక మీద పొడిగా ఉన్నాయి. పిన్ని చోట మాత్రం కాలవ పొంగి మోకాలి దాకా నీళ్లు. కొత్తిమీర కట్టలు తేలుతున్నాయి. ఆవిడ కొడవలికర్రతో కాలవ మూతికి అడ్డం పడ్డ చెత్తను లాగుతోంది. నీళ్లు కాస్త తీశాక వచ్చి నాకు గోంగూర వేసింది. నేను నోరు ఊరుకోక, "కొసరేదీ పిన్నీ?" అన్నాను.

"సంచీ పట్టు."

రెండు చేతులా కాలవలోంచి తీసిన నల్లటి ముద్ద గోంగూర మీద వేసింది. కవర్లు. అంచున ఎర్రగీత ఉన్న నల్ల కవర్లు. ఊళ్లో ఆ రకం తెప్పించేది నేనొక్కణ్నే.

"నీ సరుకే బాబూ. పరాయి సొమ్ము నాకెందుకు? పట్టికెళ్లు" అంది. మళ్లీ కర్ర అందుకుంటూ, "రేపు సంఘం కాడ నా గురించి ఏటో సదువుతారంట. రాత శానా బాగుందంట. బేగి ఎల్లు, తడిసిపోతావు."

పుట్టాక మొదటిసారి కొసరు బరువనిపించింది.

మర్నాడు అధ్యక్షుడుగారు అర్జీ చదవమన్నారు. నేను అర్జీ బల్ల మీద పరిచి, దాని మీద సంచీ బోర్లించాను.

"ఏటయ్యా ఈ కంపు?" అని ఆయన కుర్చీ వెనక్కి జరిపారు.

"మనదేనండీ. అమ్మింది నేను, కూరలు పోసిచ్చింది మీరు, కాలవలోంచి తీసింది ఆవిడ. ఇప్పుడు చదవమంటారా?"

అధ్యక్షుడుగారు ముక్కు మూసుకుని, అర్జీ పక్కన పెట్టేయమన్నారు. నా అందమైన దస్తూరీ మురికినీళ్లలో నీలంగా కరిగిపోయింది. పిన్ని చోటు పిన్నికే ఉంది. ఆ వారమే కవర్లు తెప్పించడం మానేశాను. నాన్న కట్టించిన అరలు సగం ఖాళీ అయ్యాయి. పిన్ని నన్ను మెచ్చుకోలేదు. తర్వాత వెళ్లినప్పుడు నా సంచీలో ఇంత కరివేపాకు పడేసి, "ఏటలా సూస్తావు? సంచీ తెచ్చావు గదా" అంది, అంతే.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. కవర్లు మళ్లీ వచ్చాయి, ఆవిడ చోటుకు కూడా వచ్చాయి. అందుకే ఈ పొద్దున ఆ అమ్మాయితో, "ఈ చోట కవరివ్వరమ్మా. కావాలంటే కొసరివ్వు" అన్నాను. వింతగా చూసింది. రేపూ వెళ్తాను, అదే అంటాను. నా కొట్లో ఇప్పుడు గుడ్డసంచీలు, అడ్డాకుల విస్తళ్లు ఉన్నాయి. "మీరొక్కరు మానేస్తే ఆగిపోతుందా?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆగదు. అయినా నేనివ్వను. బేరమాడి చూడండి, ఆ ముచ్చటా తీర్చుకోండి. నాతో బేరమాడి నెగ్గిన మనిషి ఊళ్లో ఒక్కరే. ఆవిడ నన్ను కవరు అడగలేదు.