సూదితోక బాతులూ, చేపల రంగీ

సూర్యాపేట పక్క పల్లెలో రంగి చేపలు పట్టి బతికేది. రజాకార్లు ఊళ్ల మీద పడ్డ ఏడాది, చలికాలమంతా పగటిపూట చెరువు జమ్ముగడ్డిలో దాక్కుంది. కదలకుండా కూర్చుంటే కళ్లెదుట ఉన్నవి బాతులే. దసరా వెళ్లాక దిగి, ఎండలు ముదరకముందే లేచిపోయే సూదితోక బాతులు. వాటిని చూడటం తప్ప ఆమెకు వేరే పని లేకపోయింది.

రజాకార్లు పోయాక వచ్చిన దీపావళికి ఒక అధికారి జీపులో దిగాడు. చేతిలో తుపాకి, చంకలో పక్షుల బొమ్మల పుస్తకం, వెంట పక్షుల లెక్క రాయడానికి బడిపంతులు దేవసహాయం. ఏడు బాతుల్ని కొట్టాడు. నీళ్లలో దిగి తెచ్చింది మాత్రం రంగి. ఆయన బూట్లు తడవకూడదు కదా!

"అన్నీ ఆడవే. మగవాటికి పొడుగు తోక ఉంటుంది. మగవి ఇంకా రాలేదని రాసుకోండి పంతులుగారూ" అన్నాడు అధికారి.

రంగికి నవ్వాగలేదు. "గిండ్ల మూడు మగయి సారూ."

"తోకేదే?"

"ఇంక మొలవలే. వచ్చినప్పుడు మగది గూడ గిట్లనే మట్టిరంగుల ఉంటది. పుష్యమాసం నాటికి తలకాయ చింతపండు రంగయితది, మెడ తెల్లగయితది, తోక సాగుతది. ముక్కు సూడు. పక్కలకు నీలం, నడుమ నల్లగీత. ఆడదానికి ఉత్త బూడిదరంగే."

"పుస్తకం కంటే నీకెక్కువ తెలుసా?"

రంగి చేపల కత్తితో రెండింటి పొట్టలు కోసింది. "ఇగో, దీంట్ల సన్న గుడ్ల గుత్తి. దీంట్ల అది లేదు, రెండు గింజలున్నయి. ఇది గూడ ఆడదేనా? జర సెప్పు."

అధికారి చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకున్నాడు. 'అన్నీ ఆడవి' అనే రాయించి, బాతుల్ని కూరకు పంపించాడు.

పుష్యంలో పంతుల్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. నీళ్ల మీద పొడుగు తోకలు కనబడగానే, "చూశారా, మగవి ఇప్పుడు దిగాయి!" అని మురిసిపోయాడు.

"పెండ్లాలను ముందు తోలి మొగోళ్లు రెండు నెలలకొచ్చిన్రా? మీ ఇండ్లల్ల గట్లనా సారూ?" అంది రంగి. గట్టు మీది కూలీలు పగలబడి నవ్వారు. అధికారి కోపంగా రెండు బాతుల్ని కొట్టి, తెమ్మన్నాడు.

"బూట్లు ఇప్పి నువ్వే దిగు."

ఆయన నీళ్లకేసి చూశాడు, జీపెక్కాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక దేవసహాయం ఒక్కడే వచ్చాడు. "నాకు సరిగ్గ సెప్తవా రంగమ్మా?"

"నాడు నోట్ల నాలుక లేకుండెనా పంతులూ?"

"నౌకరి పోతదని భయపడ్డ."

"నౌకరి కోసం మగదాన్ని ఆడది చేస్తివి!" అని, చెప్పులు విప్పించి, మధ్యాహ్నం దాకా జమ్ములో కూర్చోబెట్టింది. కాళ్లకు జలగలు పట్టినా కదలనివ్వలేదు. బాతులు దగ్గరకొచ్చాక గుసగుసగా అంది: "సన్నగ ఈలేసినట్టు పలికేది మగది. బొంగురుగ అరిసేది ఆడది."

దేవసహాయం పాత కాగితం చించేసి కొత్తది రాశాడు. "ఎవరు సెప్పిన్రని రాయాలె?"

"చేపల రంగి అని రాయి. నా పేరు పక్కన ఆ సారు పేరు మాత్రం పెట్టకు."