గోలీలు రాని దవాఖాన

మల్దకల్ దగ్గర ఓ సర్కారు దవాఖానలో నేను డాక్టరును. నిధులు తగ్గినప్పటి నుంచి బీపీ గోలీలు సరిగ్గా రావడం లేదు. కూలికి పోయే ఓ అవ్వకు బయట కొనుక్కోమని చెప్పాను. తలూపి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు మూతి వంకరపోయి, కోడలి భుజం పట్టుకుని వచ్చింది. పక్షవాతం.

"గోలీలు కొనలేదా?" గదమాయించాను.

"ఉన్నవే రోజిడిచి రోజు ఏసుకున్నది సారూ," అంది కోడలు.

అవ్వ తడబడే మాటలతో నన్నే ఓదార్చింది. "నువ్వేం జేస్తవు బిడ్డా, నీకు పైనుంచి రావాలె గద."

ఆమెను గద్వాల పెద్ద దవాఖానకు పంపాను. బతికింది గానీ కుడిచెయ్యి పడిపోయింది. తర్వాత అవ్వ వాళ్ల ఊళ్లో వైద్య క్యాంపు పెట్టిన రోజు నాకు మొహం చెల్లక నా బదులు మా నర్సును పంపాను.