కుంకుమ భరిణెలో చక్కెర

మా చెల్లెలు నాలుగో తరగతి పూర్తి చేసిన ఏడు, దాని టీచర్లకు కానుకలు కొనే పని నా మీద పడింది. పడింది అనడం అబద్ధం, నేనే మీద వేసుకున్నాను. ఆ వారం రోజులూ నాకు అన్నం సహించలేదు. కట్టకు ఇరవై అయిదు బీడీలు పెట్టాల్సింది ఇరవై ఆరు, ఇరవై ఏడు పెట్టి అమ్మ చేత తిట్లు తిన్నాను. ఇంట్లో పెళ్ళి ఉన్నట్టూ, ఆ పెళ్ళికి నేనొక్కదాన్నే పెద్దదిక్కైనట్టూ తిరిగాను.

అప్పుడు మేము బొంబాయిలో, కామాటిపురాలో, వరస గదుల పాత చాళ్ రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. మాకున్నది ఒకే గది, దాన్ని ఖోలీ అనేవాళ్ళం. మా తాతలు పాలమూరు నుంచి కట్టుబడి పనులకు వచ్చినవాళ్ళు. నాయినదీ ఆ పనే. అమ్మా నేనూ గుమ్మంలో చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళం. నాకప్పుడు పదిహేనేళ్ళు. చెల్లెలు పుట్టినప్పుడు దాన్ని ఎత్తుకోవడానికి నన్ను ఇంట్లో ఉంచారు. అది నడక నేర్చేసరికి నాకు చాట అలవాటైపోయింది. ఇక బడి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎవరి మీదా నాకు కోపం లేదు. ఎల్లమ్మ తల్లి నాకు రావలసిన అక్షరాలను ఇంటికే నడిపించింది, చెల్లెలి పలక మీద ఎక్కించి.

అది బడి నుంచి రాగానే పాఠం గట్టిగా చదివేది. నేను తునికాకు కత్తిరిస్తూ వినేదాన్ని. ఆ తర్వాత అది ఆడుకోను పోతే, దాని హోంవర్క్ పుస్తకం తిరగేసి, వెనక పేజీల్లో అదే పాఠం నేను రాసేదాన్ని. అది మూడో తరగతిలో ఉండగా ఒకరోజు ఆ పుస్తకం తెరిచి చూస్తే, నా పేజీ మీద ఎర్ర సిరాతో టిక్కు ఉంది. రెండు చోట్ల తప్పులు దిద్ది ఉన్నాయి. కింద ‘బాగుంది’ అని రాసి ఉంది.

పుస్తకం పట్టుకుని చెల్లెలి దగ్గరికి ఉరికాను.

“బాయి అడిగిందానే, ఎనక ఎవరు రాసిన్రని?” అన్నాను. అది మున్సిపాలిటీ తెలుగు బడి, అక్కడ పిల్లలు పంతులమ్మను బాయి అనేవాళ్ళు.

“లే. ఏం అడగలే,” అంది చెల్లెలు, నోట్లో చింతపండు చప్పరిస్తూ.

ఆ తర్వాత రెండేళ్ళూ అంతే. ముందు పేజీలు చెల్లెలివి, వెనక పేజీలు నావి, ఎర్ర సిరా ఇద్దరికీ సమానం. ఆ బాయిని నేను ఏనాడూ చూడలేదు. నా మటుకు బాయి అంటే ఎర్ర సిరాయే. పొద్దున్నే దీపం పెట్టినప్పుడు ఎల్లమ్మతో పాటు ఆమెనూ తలుచుకునేదాన్ని.

అయిదో తరగతి వేరే బిల్డింగు, వేరే టీచర్లు. ఏప్రిల్ ఆఖరున రిజల్ట్ ఇచ్చే రోజు అయిపోతే ఆ బాయి మాకు ఇక దొరకదు. ఆ రోజు పిల్లలు టీచర్లకు ఏదో ఒకటి తెచ్చి ఇవ్వడం బడిలో రివాజు. ఇచ్చేది చెల్లెలే అయినా, నేను ఒక్కసారి ఆమె ముందు నిలబడి నా చేతులతో నేనే ఇవ్వాలనుకున్నాను. ఆమె తీసుకుంటే చాలు, అంతకు మించి ఏమీ కోరలేదు.

అమ్మ కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు తీసింది. “ముగ్గురు టీచర్లు. ఇంట్ల పొయ్యి గూడ ఉన్నదని యాది పెట్టుకోని కొను,” అంది.

“కిందింటి పిల్ల చాయ్ కప్పుల సెట్టు ఇస్తదంట!” అంది చెల్లెలు.

“దాని నాయినకు దుకాణం ఉన్నది. నీ నాయినకు తాపీ ఉన్నది. తాపీ ఇచ్చి రా,” అంది అమ్మ.

సాయంత్రం గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా నడిచాం. వంతెన కింద ఫుట్‌పాత్ పొడుగునా గోనెపట్టాలు పరిచి అన్నీ అమ్మేవాళ్ళు. ప్లాస్టిక్ గులాబీలు, చేతి అద్దాలు, కీ ఇస్తే తోక ఊపే కుక్కబొమ్మలు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఏది చూసినా ఇదే అనిపించేది, రెండడుగులు వేస్తే ఇది కాదు అదే అనిపించేది.

“మరాఠీ మాస్తరుకు దువ్వెన ఇద్దాం,” అన్నాను.

చెల్లెలు నడిరోడ్డు మీద పొట్ట పట్టుకుని నవ్వింది. “ఆయన నెత్తి మీద ఏమున్నదక్కా దువ్వనీకి! మొత్తం ఆజాద్ మైదాన్!”

ఆయనకు చెమట తుడుచుకునే రుమాలు తీసుకున్నాం. డ్రిల్ మాస్టరుకు విజిల్ కట్టుకునే రంగుల తాడు అదే ఎంచింది. తాడును తన మెడకే వేసుకుని దారిన పోయేవాళ్ళందరితో లెఫ్ట్ రైట్ చేయించబోయింది. అది ఆ సందట్లో ఉండగా నేను పక్క పట్టా దగ్గర కూర్చున్నాను. అక్కడ కనిపించింది, ఇత్తడి కుంకుమ భరిణె. అరచేతిలో ఇమిడేంత. మూత మీద చిన్న తామర మొగ్గ, మూత తీస్తే టప్‌మని సన్నని చప్పుడు. నాలుగుసార్లు తీశాను, నాలుగుసార్లు పెట్టాను.

“బేటీ, లేనా హై తో లే, ఢక్కన్ మత్ ఘిసా,” అన్నాడు అమ్మే తాత. కొంటే కొను, లేదంటే వదిలెయ్, మూత అరిగిపోతుందని ఆయన బాధ.

కొనేసి, చెల్లెలికి కనపడకుండా ఓణీ కొంగులో ముడి వేశాను. దాని నోట్లో నువ్వుగింజ నానదు. చెబితే తెల్లారేసరికి చాళ్ మొత్తానికీ, బాయికీ కూడా తెలిసిపోతుంది.

“బాయికి ఏం కొన్నవ్? చెప్పవా? నా తోడు చెప్పవా?” అని ఇల్లు చేరేదాకా వేధించింది. చెప్పలేదు.

రిజల్ట్ రోజు పొద్దున్నే స్నానం చేసి, మా గల్లీ చివరి ఎల్లమ్మ గుడికి పోయి, తల్లి పాదాల దగ్గరి కుంకుమ అడిగి తెచ్చి భరిణె నిండా పోశాను. ఖాళీ గిన్నె ఎవరి చేతిలోనూ పెట్టకూడదని అమ్మ చెప్పేది. అమ్మవారి కుంకుమను మించిన నిండుదనం ఏముంటుంది! రంగు కాగితం చుట్టి, చెల్లెలి చెయ్యి పట్టుకుని బయలుదేరాను.

బడి గేటు దగ్గర పిల్లలు చీమల్లా ఉన్నారు.

“అగో, గామెనే మా బాయి!” అని చెల్లెలు వేలు చూపించింది.

తెల్ల నూలుచీర, కళ్ళజోడు, నవ్వుమొహం. నేను అనుకున్నదానికన్నా పొట్టి. చూస్తూ చూస్తూ నా కళ్ళు ఆమె నుదుటి మీద ఆగాయి. బొట్టు లేదు. మెడలో సన్న గొలుసు, దానికి చిన్న శిలువ.

“బాయి బొట్టు పెట్టుకోదా?” నా గొంతు నాకే వినపడలేదు.

“చర్చికి పోతదక్కా. క్రిస్మస్‌కు మాకు కేకు పంచిందిగా. నీకు గూడ సగం తెచ్చిన, మరిచినవా?”

మరవలేదు. ఆ కేకు నేను కళ్ళకద్దుకుని మరీ తిన్నాను. ప్రసాదమనుకుని తిన్నాను తప్ప, ఎవరి పండగది అని ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

“మరి మొన్ననే ఎందుకు చెప్పలే?”

“నువ్వు ఏం కొన్నవో చెప్పినవా నాకు?”

న్యాయం దాని వైపే ఉంది. గంట కొట్టారు. “లోపలికి పో, నేను ఇప్పుడే వస్త,” అని దాన్ని తోసి, రోడ్డు మీదికి పరిగెత్తాను. కుంకుమ పెట్టుకోని మనిషికి కుంకుమ భరిణె ఇస్తే ఏమనుకుంటుంది? తనను ఎగతాళి చేశాననుకుంటే? తీసుకోకపోతే? పారబోద్దామంటే అది అమ్మవారి కుంకుమ, పారబోసి ఖాళీది ఇద్దామంటే అమ్మ మాట అడ్డం.

మూలమీద చాయ్ బండి పెట్టే పెద్దమ్మ ఉంది. మా వైపు మనిషే. నా మొహం చూసి గిన్నె దించింది. “ఏమైందే బిడ్డా? ఎవడన్న ఎంట పడ్డడా?”

“కుంకుమ ఎంట పడ్డది పెద్దమ్మా,” అని అంతా చెప్పేశాను.

ఆమె నవ్వలేదు. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, శుభ్రమైన కాగితం పరిచింది. “ఇటు పొయ్యి. మంగళారం పూట ఎల్లమ్మ నా బండి కాడికి నడిసొచ్చింది, నేనొద్దంటనా?” కుంకుమంతా కాగితంలోకి పోశాను. ఆమె ముందు తన నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని, తర్వాత డబ్బా తీసి భరిణె నిండా చక్కెర పోసింది. “తీపికి మతం లేదు. పో, ఉరుకు!”

చక్కెర పోయకముందు ఓణీ కొంగుతో భరిణె లోపల తుడిచినట్టే గుర్తు. కాగితం మళ్ళీ చుట్టుకుంటూనే ఉరికాను.

జీవితంలో మొదటిసారి బడి లోపలికి అడుగు పెట్టాను. చెప్పులు బయటే విడిచాను. పిల్లలు ఒక్కొక్కరే బాయి చేతిలో కానుకలు పెడుతున్నారు. చెల్లెలు నా చెయ్యి లాగి ముందుకు తోసింది. “బాయీ, మా అక్క!”

నేను రెండు చేతులతో ఇచ్చాను. బాయి కాగితం విప్పింది, తామర మొగ్గను వేలితో ఒకసారి తాకింది, టప్‌మని మూత తీసింది.

లోపల చక్కెర గులాబీరంగులో మెరుస్తోంది. అంచుల దగ్గరైతే ఎర్రగానే ఉంది.

“అబ్బ, ఎంత బాగుంది! రంగు చక్కెరా?” అని చిటికెడు తీసి నోటి దాకా తీసుకుపోయింది.

“తినకండి బాయీ! అది కుంకుమ!”

రెండేళ్ళుగా మనసులో దండం పెట్టుకున్న మనిషితో నేను అన్న మొదటి మాట అదీ. చెల్లెలు ఊరుకుంటుందా? గేటు దగ్గరి సంగతి కాస్తా ఊపిరి తీసుకోకుండా బాయికి అప్పజెప్పేసింది. “ఆమెకు తెల్వదు బాయీ, మీ కేకు గూడ దేవునిదనుకోని తిన్నది!”

బాయి నన్ను చూసింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది, నవ్వుకో, దేనికో. తర్వాత ఆ చిటికెడు చక్కెరా నోట్లో వేసుకుంది.

“కేకు దేవుడిదే, అమ్మాయ్,” అంది. “వెనక పేజీలు రాసేది నువ్వే కదూ?”

తల ఊపాను.

“చూడాలని నాకూ ఉండేది. అడిగితే రాయడం మానేస్తావేమోనని అడగలేదు.” అని బీరువా తీసి, అట్ట నలగని కొత్త నోటుబుక్కు ఒకటి నా చేతిలో పెట్టింది. “అయిదో తరగతిలో వెనక పేజీలు ఎవరు చూస్తారో ఏమో. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఇంట్లోనే ఉంటాను, నాగ్‌పాడాలో. చెల్లిని తోడు తెచ్చుకో. ఇందులో మాత్రం మొదటి పేజీ నుంచి రాయి.”

మెట్లు ఎలా దిగానో తెలియదు. చెప్పులు మరిచిపోయి మూలదాకా ఉరికి, మళ్ళీ వెనక్కి పోయి తెచ్చుకున్నాను. బండి దగ్గర పెద్దమ్మ రూపాయి బొట్టుతో చాయ్ వడబోస్తోంది.

“తీసుకున్నదా?” అని దూరం నుంచే అరిచింది.

“తీసుకున్నది పెద్దమ్మా!”

“నా చక్కెర తిన్నదా?”

“తిన్నది! ఎల్లమ్మ కుంకుమతో కలిపి తిన్నది!”

పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి గుడి వైపు దండం పెట్టింది, ఒక చేతిలో చాయ్ జల్లెడ అట్లాగే ఉంది. నేను నోటుబుక్కును గుండెకు హత్తుకుని ఇంటివైపు పరిగెత్తాను.